మోకా నుంచి బొబ్బిలి దాకా

మారిషస్‌లో మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. పూర్వీకుల్ని వెతుక్కుంటూ అక్కడికి వచ్చినవాళ్లని ముందుగా అడిగేది ఇమిగ్రేషన్ నంబరు. పేరు తర్వాతి సంగతి. మారిషస్ రేవులో దిగిన భారతీయ కూలీలకి బ్రిటిష్ ప్రభుత్వం మనిషికొక నంబరు ఇచ్చింది. ఆ వరస చివరికి నాలుగున్నర లక్షలు దాటింది. మనిషి తోట మారినా, పెళ్లి చేసుకున్నా, జైలుకెళ్లినా, చనిపోయినా ఆ నంబరు మీదే రాసుకున్నారు. అప్పన్నలు ఎంతమందైనా ఉంటారు. నంబరు మాత్రం ఒక్కరిదే.

1970లో చట్టం చేసి నెలకొల్పిన ఈ సంస్థని 1976లో ఇందిరా గాంధీ ప్రారంభించారు. ఓడల జాబితాలు, కూలీల రిజిస్టర్లు, 1860ల నుంచి తీసిన ఫొటోలు ఇక్కడే భద్రపరిచారు. మేము వెళ్లిన రోజు మబ్బు పట్టి ఉంది. వెనకున్న ల పూస్ శిఖరం సగమే కనిపిస్తోంది.

నేను వెళ్లింది నా పూర్వీకుల కోసం కాదు. మాది విజయనగరం. కొన్నేళ్ల క్రితం సింహాచలంలో ఒక మారిషస్ తెలుగు కుటుంబంతో పరిచయమైంది. ఆ ఇంటి పెద్దాయన బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ద్వీపం దక్షిణాన రోజ్ బెల్ దగ్గర వాళ్ల ఇల్లు. ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు, గుళ్లో తెలుగు పాడతారు. మేమిద్దరం ఇంగ్లిషూ తెలుగూ కలిపి మాట్లాడుకుంటాం. ఆయన నన్ను ‘తమ్ముడూ’ అంటారు, నేను ‘అన్నగారూ’ అంటాను. తాతకి తాత ఏ ఊరినుంచి వచ్చాడో తెలుసుకోవాలన్నది ఆయన చిరకాలపు కోరిక. రికార్డుల్లో కనబడే తెలుగు ఊళ్ల పేర్లు పోల్చుకోవడానికి మా జిల్లా మనిషి ఒకరు పక్కన ఉంటే మేలని నన్ను రమ్మన్నారు.

అంతకుముందు ఆయన ఒకసారి మోసపోయారు. వంశవృక్షాలు తయారుచేసి ఇస్తామని చెప్పుకునే ఒకరికి డబ్బు పంపారు. కొన్నాళ్లకి రంగుల కాగితం మీద అందమైన చెట్టు బొమ్మ వచ్చింది. కొమ్మల మీద పేర్లు, మొదట్లో ఒక రాచకుటుంబం. ఒక్క పేరుకీ పత్రం లేదు, ఏ రిజిస్టర్‌లో చూశారో రాయలేదు. అన్నగారి కూతురు దాన్ని నాకు చూపించినప్పుడు చాలా బాధనిపించింది. తాత ఊరు అడిగిన మనిషికి తాతని మార్చి ఇచ్చారు.

ఆ తర్వాత వాళ్లు కుదుర్చుకున్న పరిశోధకురాలే మాతో మోకాకి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఫ్రెంచి, ఇంగ్లిషు, క్రియోల్, భోజ్‌పురి వచ్చు, తెలుగు రాదు. వంశ పరిశోధనే ఆవిడ వృత్తి. మొదటిరోజే ఒక ఒప్పంద పత్రం ముందుపెట్టి చెప్పింది: “మీ పూర్వీకుణ్ణి తెచ్చి చూపిస్తానని నేను మాట ఇవ్వను. వెతుకుతానని ఇస్తాను. దొరకకపోయినా నేను పనిచేసిన గంటలకి మీరు డబ్బు ఇవ్వాలి.” ఆ పత్రంలో గంటకి ఎంతో, మొదటి విడతలో ఎన్ని గంటలో, ఏయే రికార్డులు చూస్తుందో వివరంగా ఉంది. ప్రతి విడత చివరా నివేదిక ఇస్తానని, దొరికినవాటితోపాటు వెతికినా దొరకనివీ అందులో రాస్తానని ఉంది. నాకు ఆ చివరి షరతు అన్నిటికన్నా విలువైనదనిపించింది. ఎక్కడెక్కడ చూసి ఖాళీ చేతులతో వచ్చారో రాయకపోతే, రేపు మరొకరు మళ్లీ అక్కడే డబ్బూ కాలమూ పోసుకుంటారు.

మన దగ్గర ఈ పనికి లైసెన్సు లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అమెరికాలో 1964 నుంచి వంశ పరిశోధకులకి ధ్రువీకరణ ఇచ్చే బోర్డు ఒకటుంది. అభ్యర్థి చేసిన పనిని సాటి పరిశోధకులు పరిశీలించి అర్హత తేలుస్తారు. అలాంటిది లేనిచోట మనమే పరీక్షించుకోవాలి. పాత నివేదిక ఒకటి, పేర్లు తీసేసి చూపించమని అడగాలి. ప్రతి వాక్యానికీ ఆధారం రాసి ఉందా, సందేహం ఉన్నచోట సందేహమని రాశారా అని చూడాలి. గొప్ప వంశం అని ముందే ఆశ పెట్టేవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపేయాలి.

మా పరిశోధకురాలి పని వర్తమానం నుంచి వెనక్కి నడిచింది. అన్నగారి పుట్టిన పత్రం, దాన్నుంచి తండ్రి పుట్టిన పత్రం, తాతది, ముత్తాతది. నాలుగు పత్రాల్లో ఇంటిపేరు నాలుగు రకాల స్పెల్లింగుల్లో ఉంది. నిజానికి అది ఇంటిపేరు కాదు. ఓడ దిగినవాడి సొంత పేరు. గుమాస్తా ఒకే పేరు రాసుకున్నాడు, పిల్లలకి అదే వంశనామమై కూర్చుంది. ఉత్తరాంధ్రలో ఏ వీధిలోనైనా వినిపించే సింహాద్రి అప్పన్న పేరది. 1870ల నాటి ముత్తాత పుట్టిన పత్రంలో తండ్రి పేరు పక్కన ఒక నంబరు, తల్లి పేరు పక్కన ఒక నంబరు ఉన్నాయి. ఆ రెండు నంబర్లు దొరకడానికే నెలలు పట్టింది. దొరికాకే మోకాకి దరఖాస్తు పెట్టింది.

మేము వెళ్లినప్పుడు రిజిస్టర్లని తిరగేయనివ్వలేదు. నూటయాభై ఏళ్ల కాగితం, ముట్టుకుంటే పొడి రాలుతుంది. సిబ్బందే తీసి, అవసరమైన వరసని చూపించారు. పరిశోధకురాలు నెమ్మదిగా చదివింది: నంబరు, ఓడ, దిగిన తేదీ, వయసు ఇరవై రెండు, ఎత్తు, తండ్రి పేరు, ఒంటి మీద గుర్తు ఎడమ మోచేతి మచ్చ, ఎక్కిన రేవు మద్రాసు, జిల్లా విశాఖపట్నం, తాలూకా బొబ్బిలి, ఊరు. కులం గడిలో ‘జెంటూ’ అని ఉంది. మద్రాసులోని ఇంగ్లిషువాళ్లు అప్పట్లో తెలుగువాళ్లందరినీ ఆ మాటతోనే పిలిచేవారు.

తర్వాత ఫొటో తెచ్చారు. 1867 చట్టం తర్వాత ఒప్పందం ముగిసిన పాత కూలీలు కూడా తమ ఫొటో అతికించిన పాసు వెంట పెట్టుకు తిరగాలి. పాసు లేకుండా దొరికితే అరెస్టు. ఈ బాధలన్నీ చెప్పుకుంటూ 1871లో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకి అర్జీ పెట్టుకున్నారు. అడాల్ఫ్ ద ప్లెవిట్స్ అనే తోట యజమాని బంధువు వాళ్ల తరఫున నిలబడ్డాడు. మరుసటి ఏడు విచారణకి రాయల్ కమిషన్ వచ్చింది. మేము చూసిన ఫొటో ఆ కాలపు పోలీసు నియమం కోసం తీసింది. సన్నటి మనిషి, తలపాగా, చెవులకి పోగులు, కెమెరాని సూటిగా చూస్తున్నాడు. అన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. వాళ్లమ్మాయి “నాన్నా, నీ చెవులే” అంది. తోట నుంచి తోటకి మనుషుల కదలికని కట్టడి చేయడానికి పెట్టిన నియమమే ఈ ఇంటికి ఇవాళ తాత ముఖం చూపించింది. దీన్ని ఎలా తీసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కడితో లేవబోతే పరిశోధకురాలు ఆపింది. “రెండో నంబరు ఎవరూ అడగలేదు” అంది. ముత్తాత తల్లి నంబరు. గంజాం జిల్లా, చికకోల్ తాలూకా, అంటే ఇప్పటి శ్రీకాకుళం. తొమ్మిదేళ్ల పిల్లగా తల్లితో వేరే ఓడలో వచ్చింది. వెంట మగమనిషి ఎవరూ లేరు. ఆ తల్లికీ ఒక నంబరుంది. తాతకి తాత తరంలో అన్నగారికి పూర్వీకులు పదహారుమంది. ఆయన వెతకమన్నది ఒక్కరిని. మనవాళ్లు వంశం అనగానే మగవరస ఒక్కటే తీసుకుంటారు. పరిశోధకురాలు తన నివేదికలో ఆ తల్లీకూతుళ్లకి విడిగా రెండు పేజీలు ఇచ్చింది. అదనపు గంటలకి డబ్బు తీసుకోలేదు.

మర్నాడు పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్‌కి వెళ్లాం. బస్టాండుకీ సముద్రానికీ మధ్య చిన్న జాగా. 1849లో ఇక్కడ కూలీల డిపో కట్టారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. రేవు నుంచి పైకి పదహారు రాతి మెట్లు. దిగినవాళ్లు ఈ మెట్లెక్కి, కొట్టాల్లో ఒకటి రెండు రోజులుండి, నంబరు వేయించుకుని తోటలకి వెళ్లేవారు. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడలో కలకత్తా నుంచి వచ్చిన 36 మందితో ఈ కథ మొదలైంది. ఆ మరుసటి ఫిబ్రవరిలో ఇక్కడ బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకి మనుషులు కావాలి, మన ఊళ్లలో కూడు లేదు. 1832–33 నాటి డొక్కల కరువు తెలుగు నేలని తుడిచిపెట్టింది. మొదట్లో వచ్చిన తెలుగువాళ్లు కోరంగి రేవునుంచి ఓడెక్కారు కాబట్టి ఇక్కడ వాళ్లకి ‘కోరింగీలు’ అనే పేరు పడింది. ఆ కోరంగి రేవు 1839 తుపానులో దెబ్బతిని మళ్లీ పాత వైభవానికి రాలేదు. తర్వాతివాళ్లు ఎక్కువగా మద్రాసు మీదుగా వచ్చారు.

ఘాట్ పక్కనే సందర్శకుల కేంద్రం ఉంది. ఒకరోజు పని మానేస్తే రెండు రోజుల కూలీ కోసే ‘డబుల్ కట్’ గురించి అక్కడి పిల్లలు చదువుతూ కనిపించారు. ఒప్పందం తీరాక తిరిగి పంపించే ఉచిత ప్రయాణం హక్కునీ 1850ల్లో తీసేశారు. అన్నగారి తాత తాత దిగేనాటికి ఆ హక్కు లేదు. ఆయన ఎందుకు తిరిగి వెళ్లలేదో అని ఇంట్లో తరతరాలుగా అనుకుంటున్నారట. జవాబులో కొంత ఇదే.

దక్షిణానికి కారులో వెళుతుంటే చెరకు తోటల మధ్య నల్లరాళ్ల కుప్పలు కనిపిస్తాయి. కొన్ని రెండంతస్తుల ఎత్తు. అగ్నిపర్వతం వదిలిన రాయిని చేతులతో ఏరి, మోసి, పేర్చి, నేలని చెరకుకి సిద్ధం చేశారు. రిజిస్టర్‌లో ఉన్న తోట పేరుని బట్టి ఆ పొలాల దగ్గర ఆగాం. ఇప్పుడు అక్కడ సగం ఇళ్ల స్థలాలయ్యాయి. ఏ కుప్ప ఎవరు పేర్చారో ఏ రిజిస్టరూ చెప్పదు. సాయంత్రం వాళ్ల ఊరి గుళ్లో రామభజన. దీపస్తంభం చుట్టూ తిరుగుతూ పాడారు. పాడేవాళ్లలో చాలామందికి అర్థం తెలియదు, తాళం తప్పలేదు. ఇక్కడ ఉగాది దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఈ ద్వీపంలోనే జరిగాయి. ఇంతచేసిన జనానికి సొంత ఊరి పేరు తెలియకపోవడమేమిటని మనకి అనిపిస్తుంది. గుమాస్తా గడిలో ఇంటిపేరు అడగలేదు. మన ఊళ్లలో మనిషిని పట్టుకునే కొక్కెం ఇంటిపేరే. అది లేకుండా ఒక అప్పన్నని వెతకాలి.

డబ్బిచ్చి వంశం చెప్పించుకోవడం మనకి కొత్త కాదు. హరిద్వార్‌లో, గయలో పండాలు యాత్రికుల కుటుంబాల్ని ఊళ్లవారీగా తరతరాలుగా వహీలనే పుస్తకాల్లో రాసుకుంటూ వచ్చారు. మన దగ్గర రాజులకీ జమీందార్లకీ భట్రాజులు ఉండేవారు. రెడ్లకీ కాపులకీ పిచ్చుకుంట్లవాళ్లు కళ్లాల దగ్గరికి వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు, ఎవరి కొడుకు ఎవరో చెప్పి ధాన్యం పుచ్చుకునేవారు. ఆ కులాన్ని ఇప్పుడు వంశరాజ్ అని పిలుస్తున్నారు. వీళ్లందరి జ్ఞాపకశక్తికీ, ఓపికకీ నాకు అపారమైన గౌరవం ఉంది. అయితే గయ దాకా వెళ్లగలిగినవాడి పేరే వహీలోకి ఎక్కింది. కళ్లంలో గింజలున్నవాడి వంశమే పిచ్చుకుంట్లవాడి నోట నిలిచింది. కూలికి వెళ్లినవాడికి వంశం చెప్పే మనిషి ఎవరూ లేరు. పోర్ట్ లూయిస్ డిపోలో గుమాస్తా, తన సర్కారు అవసరం కోసం, మొట్టమొదటిసారి అతని తండ్రి పేరు అడిగి రాశాడు. ఈ మధ్యలో నలిగిపోయిన మనుషుల కోసమే వృత్తి పరిశోధకులు కావాలి. ఆ గుమాస్తా రాతని చదివి, తప్పు తీసి, ఊరితో కలపగలిగినవాళ్లు కావాలి.

ఈ అవసరం ఇప్పుడు పెరిగింది కూడా. 2024 మార్చి 12న మారిషస్ జాతీయ దినోత్సవానికి వెళ్లిన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము, భారతీయ మూలాలున్న మారిషస్‌వాళ్లకి ఏడో తరం దాకా ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకి అర్హత ఇస్తున్నట్టు ప్రకటించారు. దానికి కాగితాల వరస కావాలి. ఆ ప్రకటన తర్వాత తన దగ్గరికి వచ్చేవాళ్లు బాగా పెరిగారని పరిశోధకురాలు చెప్పింది. అన్నగారికి కార్డు మీద ఆశ లేదు. ఊరు చూడాలి, అంతే.

చలికాలంలో తండ్రీకూతుళ్లు విజయనగరం వచ్చారు. పరిశోధకురాలు రాలేదు. ఆవిడ రాకపోకల ఖర్చు వాళ్లకి భారమవుతుందని తానే వద్దంది. బదులుగా నాకు రెండు పేజీల సూచనలు పంపింది. రోజూ సాయంత్రం ఫోన్‌లో మాట్లాడేది. ఆ సూచనల్లో మొదటిది ఇది: “మన దగ్గరున్న పేర్లు ముందు చెప్పొద్దు. వాళ్ల ఇంట్లో ఏం చెప్పుకుంటారో మొదట వినండి. మీరు పేరు చెప్పేస్తే, పాపం మిమ్మల్ని సంతోషపెట్టడానికి అవునంటారు.” మన పల్లెల్ని చూడని మనిషి మన పల్లెల మర్యాదని ఎంత బాగా పట్టుకుందో!

ముందు ఊరు ఏదో తేలాలి. రిజిస్టర్‌లోని పేరు ఇక్కడ రాయను. ఆ కుటుంబాలు ఇంకా మాట్లాడుకుంటున్నాయి. ఉత్తరాంధ్రలో కొత్తవలసలు ఒకటికి మించి ఉన్నట్టే ఈ పేరుతోనూ ఒకటికి మించి ఊళ్లున్నాయి. పైగా జిల్లాలు మారుతూ వచ్చాయి. 1860ల్లో విశాఖపట్నం జిల్లాలో ఉన్న బొబ్బిలి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. 2022లో జిల్లాలు మళ్లీ విడగొట్టినప్పుడు ఆ చుట్టుపక్కల కొన్ని ఊళ్లు పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్లాయి. ఇప్పటి మ్యాపు పట్టుకుని వెతికితే దారి తప్పుతాం. పరిశోధకురాలు వేరే దారి పట్టింది. అదే ఓడలో, మన అప్పన్నకి ముందూ వెనకా నంబర్లున్నవాళ్ల వివరాలు చూసింది. వాళ్లలో కొందరు పక్కపక్క ఊళ్లవాళ్లు. కూలీల్ని కుదిర్చే మేస్త్రీ ఒక్కడే వాళ్లందర్నీ పోగేసి ఉంటాడు. ఆ నాలుగైదు ఊళ్ల పేర్లూ ఒకేచోట కలిసే జాగా బొబ్బిలికి దగ్గర్లో ఒక్కటే దొరికింది. ఒంటరి మనిషి జాడ తెలియనప్పుడు అతనితో నడిచినవాళ్లని వెతకాలని ఆవిడ దగ్గర నేర్చుకున్నాను.

సర్కారు కచేరీల్లో మాకు ఏమీ దొరకలేదు. దానికి కారణముంది. 1802లో ఉత్తర సర్కారుల్లో శాశ్వత పరిష్కారం వచ్చాక ఈ ప్రాంతం జమీందార్ల చేతిలో ఉంది. శిస్తు జమీందారే కట్టేవాడు. రైతు పేరుతో సర్కారుకి పనిలేదు. 1948 చట్టంతో జమీందారీలు పోయేదాకా రైతుల లెక్క ఎస్టేటు ఠాణాల్లోనే ఉండేది. భూమి లేని కూలీ ఆ లెక్కల్లో కూడా ఉండడు. దేశమంతటికీ జనన మరణాల నమోదు తప్పనిసరి చేసిన చట్టం 1969లో గానీ రాలేదు. బొబ్బిలి అనగానే 1757 యుద్ధం గుర్తొస్తుంది, వీణ గుర్తొస్తుంది. అక్కణ్ణుంచి ఓడెక్కినవాడి గురించి మా జిల్లాలో పుట్టి పెరిగిన నేనే ఏ బళ్లోనూ వినలేదు.

ఊళ్లోకి వెళ్లేసరికి రామకోవెల అరుగు మీద పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. కుర్చీలు తెప్పించారు, టీ తెప్పించారు. తర్వాత సహజంగానే అడిగారు: “తమరు ఏటోళ్లు బాబూ?” అన్నగారు నావైపు చూశారు. ఏ కులమని అడుగుతున్నారని చెప్పాను. ఆయన తడుముకోకుండా “తెలుగోళ్లం” అన్నారు. మారిషస్‌లో ఆ మాట చాలు. తమిళులు, మరాఠీలు, భోజ్‌పురివాళ్లు ఉన్నచోట తెలుగు అన్నదే ఒక కుటుంబం పేరు. అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక ముసలావిడ మాత్రం “మరేటి కావాలిరా, ఇదీ తెలుగోళ్ల ఊరే కదా” అని లేచి అన్నగారి చెయ్యి పట్టుకుంది.

పాతకాలంలో ఊరు విడిచి వెళ్లి తిరిగిరానివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. “రంగం ఎలిపోనారు చానామంది” అన్నారు. మా ప్రాంతంలో సముద్రం దాటడమంటే రంగూనే. 1930 అల్లర్ల దాకా అక్కడి రేవు కూలీల్లో మనవాళ్లే ఎక్కువ. 1942లో కాలినడకన తిరిగొచ్చినవాళ్ల కథలు ఇళ్లలో ఇంకా ఉన్నాయి. ఆ పెద్ద జ్ఞాపకం కింద దానికన్నా పాతదైన మారిషస్ అణిగిపోయింది. రెండో రోజు ఒక ఇంట్లో ఎనభై దాటిన తాత చెప్పాడు: “మా తాతోళ్ల తాతకి తమ్ముడొకడు. అన్నతో తగువాడి ఓడెక్కి రంగం పోనాడంట. మరి రానేదు.” ఆ అన్నదమ్ముల తండ్రి పేరు అడిగాను. రిజిస్టర్‌లో ఉన్న తండ్రి పేరే చెప్పాడు. మేము ఆ పేరు ఎవరి దగ్గరా బయటపెట్టలేదు.

అన్నగారి కూతురు ఏడ్చేసింది. నాకూ గుండె ఆగినంత పనైంది. సాయంత్రం పరిశోధకురాలికి ఫోన్ చేసి చెప్పాం. ఆవిడ సంతోషించింది, వివరాలన్నీ అడిగి రాసుకుంది, తర్వాత అడిగింది: “ఆ తండ్రి పేరు ఆ ఊళ్లో ఇంకా ఎన్ని ఇళ్లలో ఉంది?” మర్నాడు వెళ్లి అడిగాం. అది ఊరి దేవుడి పేరు. నాలుగు ఇంటిపేర్లవాళ్లకి ఆ పేరుగల పాతవాళ్లున్నారు. ఎనభై ఏళ్ల మనిషి చెప్పిన తరాల లెక్క 1860ల దాకా సరిపోవచ్చు, ఒక తరం ఇటు జరిగి బర్మా కాలానికీ సరిపోవచ్చు. రెండు వైపులా మగవరస వారసులుంటే వై క్రోమోజోమ్ పరీక్ష చేయించవచ్చని ఆవిడ చెప్పింది. ఆ మాట ఆ ఇంట్లో ఎత్తడానికి అన్నగారు ఒప్పుకోలేదు. “అన్నం పెట్టినవాళ్లని రక్తం అడగను” అన్నారు. నాకు ఆ నిర్ణయం సరైనదనిపించింది.

ఈలోగా ఊళ్లో ఇంకో గాలి లేచింది. ఫారిన్ నుంచి వచ్చినవాళ్లు భూమిలో వాటా అడుగుతారని ఎవరో అన్నారు. ఆ ఎనభై దాటిన తాత కొడుకులు ముభావంగా మారారు. ఒక ఇంటివాళ్లు మేము రాగానే తలుపు వేసుకున్నారు. వాళ్లని తప్పుపట్టలేను. సెంటు భూమి కోసం కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలకి భయం ఉండదా? వెళ్లేముందు అన్నగారు అరుగు మీద అందరి ముందూ, నాచేత తెలుగులో రాయించుకున్న కాగితం చూసి చదివారు. తనకి ఏ ఆస్తీ అక్కర్లేదని, తాత నడిచిన నేల చూద్దామనే వచ్చానని చెప్పారు. తాత పెద్దకొడుకు బస్టాండు దాకా వచ్చి సాగనంపాడు.

రెండు నెలల తర్వాత తుది నివేదిక వచ్చింది. అందులో మూడు మాటలు వేరుగా రాసింది. మనిషీ, అతని నంబరూ, మారిషస్‌లో అతని సంతానం: రుజువైంది. ఊరు: బలమైన ఆధారాలున్నాయి. ఇల్లు: రుజువు కాలేదు, ఒక సంభావ్యత ఉంది. కరువు వల్లే వెళ్లాడని రాయమని అన్నగారి కూతురు అడిగింది. 1866లో గంజాంలో పెద్ద కరువు వచ్చిన మాట నిజమే. అతను వెళ్లింది దానివల్లేనని చెప్పే కాగితం లేదు కాబట్టి ఆవిడ రాయలేదు. అన్నగారు నివేదిక మొత్తం చదివి, బిల్లు పూర్తిగా చెల్లించి, ఇప్పుడు రెండో విడతకి ఒప్పందం చేసుకున్నారు. ఈసారి వెతికేది శ్రీకాకుళం వైపు, బిడ్డని వెంటబెట్టుకుని ఓడెక్కిన ఆ తల్లి కోసం.

విజయనగరం, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల పాఠకులకి నాదొక మనవి. మారిషస్ నుంచో, దక్షిణాఫ్రికా నుంచో, ఫిజీ నుంచో ఎవరైనా ఒక పాత పేరు పట్టుకుని మీ వీధికి వస్తే తలుపు వేయకండి. ఇన్ని తరాల తర్వాత ఒక ఫొటో, ఒక నంబరు చూపించి ఎవరూ మీ భూమి పట్టుకుపోలేరు. మీ ఇంట్లో డెబ్బై దాటినవాళ్లుంటే వాళ్లకి తెలిసిన పేర్లన్నీ ఇవాళే రాయించండి. ఆడవాళ్ల పుట్టిళ్లు, ఊరు విడిచి వెళ్లిపోయినవాళ్లు, వాళ్లు వెళ్లిన కాలం, అందరూ పిలిచే ముద్దుపేర్లు కూడా రాయండి. రాసిన కాగితం మీద ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో తప్పకుండా వేయండి.